అందరి మాటా నమ్ము, అందరికీ అన్నీ చెప్పు

సత్తెనపల్లిలో కొత్తగా ఇంటర్నెట్ వ్యాపారం పెట్టిన తమ్ముడికి కొన్ని రూటింగ్ చిట్కాలు

తమ్ముడూ, లైసెన్సు వచ్చిందని విన్నాను, శుభం. సి-కేటగిరీ అయితేనేం, గుంటూరు ఎస్‌ఎస్‌ఏ మొత్తం నీ చేతికొచ్చినట్టే. తాలూకా సెంటర్లో బోర్డు ఎక్కించావు, ర్యాక్‌కి పసుపు రాశావు, రూటర్‌కి కుంకుమబొట్టు పెట్టావు, నీళ్ళు పవర్ సప్లయి మీద చిందకుండా కొబ్బరికాయ గుమ్మం బయట కొట్టించావు. ఏఎస్ నంబరూ వచ్చింది, దాంతోపాటు /23 బ్లాకు, అంటే 512 అడ్రసులూ వచ్చాయి. ఇక మిగిలింది బీజీపీ ఒక్కటే. దానికోసం హైదరాబాద్ వెళ్ళి క్లాసులు వింటానంటున్నావట. ఎందుకు దండగ? మిద్దెల మీద డిష్ గొడుగులు తిప్పిన రోజుల్నుంచీ ఈ బజార్లలో వైరు లాగుతున్నవాణ్ణి. నేను చెబుతా, రాసుకో.

ముందు బీజీపీ అంటే ఏందో ఒక ముక్కలో చెప్పేస్తా. ఇంటర్నెట్ అనేది ఒక నెట్‌వర్క్ కాదు, డెబ్భై వేలకు పైగా నెట్‌వర్కుల సంత. ఒక్కోదానికి ఒక ఏఎస్ నంబరు. ఏ అడ్రసులు ఎవరి దగ్గరున్నాయో, వాటికి ఎటునుంచి పోవాలో ఒక నెట్‌వర్కు పక్క నెట్‌వర్కుకి చెప్పుకునే పద్ధతే బీజీపీ. "ఫలానా అడ్రసులకి నా మీదుగా పొండి" అని ఒకడంటాడు. రెండోవాడు నమ్మి, తన నంబరు ముందు తగిలించి మూడోవాడికి చెబుతాడు. అంతే సంగతి. 1989 జనవరిలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఒక మీటింగు జరుగుతుంటే, సిస్కో మనిషి కిర్క్ లాహీడ్, ఐబీఎం మనిషి యాకోవ్ రెక్టర్ భోజనాల బల్ల దగ్గర కూచుని నాప్కిన్ల మీద దీని బొమ్మ గీశారు. అప్పట్లో నెట్‌వర్కులు నడిపేవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళు. చెప్పినవాడు నిజమే చెబుతున్నాడా అని అడిగే ఏర్పాటు అందులో పెట్టలేదు. కనిపెట్టినవాళ్ళకే లేని అనుమానం సత్తెనపల్లిలో నీకెందుకు?

ఏమీ రాయకపోవటమే మేలు

ప్రతి నైబర్‌కీ, అంటే నీతో బీజీపీ మాట్లాడే పక్క రూటర్‌కీ, రెండు ఫిల్టర్లు రాసుకోవాలంటారు చాదస్తులు. లోపలికొచ్చే రూట్లకి ఒకటి, బయటికి పోయే రూట్లకి ఒకటి. నువ్వు రాయకు. పాత రూటర్ పెట్టెల్లో చాలావాటికి వచ్చినవన్నీ తీసుకోవటం, ఉన్నవన్నీ చెప్పేయటం పుట్టుకతో వచ్చిన గుణం. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8212 అని ఇంటర్నెట్ నియమాల కాయితం ఒకటి తెచ్చారు. పాలసీ రాయనంతకాలం బయటి నైబర్ దగ్గర ఒక్క రూటూ తీసుకోకూడదు, ఒక్కటీ ఇవ్వకూడదు అని దాని సారాంశం. ఆ బుద్ధి వంటబట్టిన పెట్టె గనక నీకు తగిలితే, సెషన్ అప్ అని చూపిస్తుంది గానీ రూట్లు మాత్రం సున్నా. కంగారుపడకు. రెండు వైపులా పర్మిట్ ఎనీ అని ఒక పాలసీ రాసి తగిలించెయ్. పేరు మాత్రం గట్టిది పెట్టు, చూసినవాడు మురిసిపోయేట్టు, 'స్ట్రిక్ట్-ఫిల్టర్-ఫైనల్-2' అని.

ఇంకో కిటుకుంది. కొన్ని పెట్టెల్లో నైబర్ కింద ప్రిఫిక్స్ లిస్టు, అంటే అడ్రసు బ్లాకుల జాబితా పేరు రాసి, ఆ లిస్టు మాత్రం అసలు తయారుచెయ్యకపోతే, లేని లిస్టు అన్నిటినీ ఒప్పుకున్నట్టే లెక్క. కాన్ఫిగ్ తెరిచి చూస్తే ఫిల్టరు కనిపిస్తుంది, ఆపేది మాత్రం ఏమీ ఉండదు. చూసేవాళ్ళకి చూపు, మనకి సుఖం.

రెండు అప్‌స్ట్రీములు, ఒక పెద్దమనసు

ఇది ముఖ్యమైనది, నిదానంగా విను. అప్‌స్ట్రీము, అంటే నీకు నెట్టు అమ్మే పై కంపెనీ, ఒక్కటే ఉంటే, గుంటూరు రోడ్డున ఎక్కడో జేసీబీ బకెట్ దిగిందంటే ఊరంతటికీ నెట్టు పోతుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కదిలాయంటే ఇక చెప్పేదేముంది, అంత ఎత్తు ప్రభకి కరెంటు తీగలే తప్పుకుని దారిస్తాయి, మన ఫైబరెంత? అందుకని గుంటూరు వైపునుంచి ఒకటి, నరసరావుపేట వైపునుంచి ఒకటి, రెండు వేర్వేరు పెద్ద కంపెనీల దగ్గర తీసుకో. ఇంతవరకూ ఎవడైనా చెబుతాడు.

ఇప్పుడు నా చిట్కా. మొదటి కంపెనీ దగ్గర విన్న రూట్లన్నీ రెండో కంపెనీకి చెప్పు. రెండోదాని దగ్గర విన్నవి మొదటిదానికి చెప్పు. దాచుకునే అలవాటు మన ఇంటావంటా లేదు కదా. నువ్వు ప్రత్యేకంగా చెయ్యాల్సిందేమీ లేదు, ఫిల్టరు రాయలేదు గనక రూటరే చెప్పేస్తుంది.

అప్పుడేమవుతుందంటావా? పెద్ద కంపెనీల రూటర్లలో ఒక లెక్కుంది. డబ్బు కట్టే కస్టమర్ చెప్పిన దారికి లోకల్ ప్రిఫరెన్స్ ఎక్కువ వేస్తారు. డబ్బుల్లేకుండా ఇచ్చిపుచ్చుకునే పీర్ చెప్పినదానికి అంతకంటే తక్కువ. తాము డబ్బిచ్చి కొనుక్కున్న దారికి అన్నిటికంటే తక్కువ. న్యాయమే, కస్టమర్ వైపు ట్రాఫిక్ పోతే బిల్లు వస్తుంది, పైకి పోతే బిల్లు కట్టాలి. ఈ లెక్క తేలాకే ఏఎస్ పాత్, అంటే దారిలో ఉన్న ఏఎస్ నంబర్ల వరస, పొడుగా పొట్టా అని చూస్తారు. నువ్వు కస్టమరువి. నువ్వెళ్ళి "బొంబాయికీ, సింగపూర్‌కీ, ఫ్రాంక్‌ఫర్ట్‌కీ నా మీదుగా పొండి" అన్నావనుకో, దారి ఎంత చుట్టైనా సరే, ఆ కంపెనీ రూటరు మారుమాట లేకుండా నీ మాటే పట్టుకుంటుంది.

తాలూకా సెంటర్లో ఆటోలు చూశావుగా. రోజూ "ధూళిపాళ్ళ, ధూళిపాళ్ళ" అని పిలిచేవాడు ఒకరోజు సరదా పుట్టి "హైదరాబాద్, వైజాగ్, మద్రాస్" అని పిలిచాడనుకో. వాడు అబద్ధమాడినట్టూ కాదు, ధూళిపాళ్ళ నుంచి కూడా మద్రాసుకి దారుంది. బస్సుల్లో కూచున్నవాళ్ళంతా దిగొచ్చి ఆ ఒక్క ఆటో ఎక్కబోతారు. పట్టటమే పట్టదు. నీ పది గిగాబిట్ల లింకు పరిస్థితీ అదే. రెండు మహా కంపెనీల మధ్య పోవాల్సిన ట్రాఫిక్ సత్తెనపల్లిలో నీ గది మీదుగా పోవటానికి వస్తుంది, ఏసీ కూడా సరిగా పనిచెయ్యని ఆ గది మీదుగా. గ్రాఫు తిన్నగా నిట్టనిలువుగా లేచి, నెత్తిన గీత గీసినట్టు ఆగిపోతుంది. ఆ స్క్రీన్‌షాట్ తీసి ఫ్రేము కట్టించుకో. జీవితంలో ఒక్కసారైనా నువ్వు టైర్-1 అయ్యావు.

దీన్ని రూట్ లీక్ అంటారు. 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7908 రాసినవాళ్ళు లీకుల్ని ఆరు రకాలుగా విడగొట్టారు. ఒక అప్‌స్ట్రీము దగ్గర విన్నది ఇంకో అప్‌స్ట్రీముకి చెప్పటం అందులో మొట్టమొదటి రకం. లిస్టులో నీకు ఒకటో నంబరు ఇచ్చారంటే గౌరవమే కదా.

చిన్న ఊరివాడి మాట ఎవడు వింటాడులే అని నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు. 2019 జూన్ 24న అమెరికాలో ఇదే జరిగింది. పెన్సిల్వేనియాలో డీక్యూఈ అనే చిన్న ప్రొవైడరు ట్రాఫిక్ సర్దుకునే యంత్రం ఒకటి పెట్టుకున్నాడు. అది క్లౌడ్‌ఫ్లేర్ లాంటి వాళ్ళ ప్రిఫిక్సుల్ని చిన్న ముక్కలుగా కోసి, లోపలే ఉండాల్సిన ఆ ముక్కల్ని కస్టమర్‌కి చెప్పింది. ఆ కస్టమరు అలెఘెనీ అనే లోహాల కంపెనీ. దానికీ నీలాగే రెండు లింకులు, ఒకటి డీక్యూఈతో, ఒకటి వెరైజన్‌తో. ఇక్కడ విన్నది అక్కడ చెప్పింది. వెరైజన్ అంతటివాడు ఒక లోహాల కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్‌కి దారి చూపిస్తానంటే అనుమానపడకుండా నమ్మి ప్రపంచానికి చాటాడు. ఒక దశలో క్లౌడ్‌ఫ్లేర్ ట్రాఫిక్‌లో 15 శాతం దాకా గల్లంతయింది. వెరైజన్ చేతులారా పాటించింది నేను నీకిప్పుడు చెబుతున్న సలహానే.

మన దేశమూ వెనకబడి లేదు. 2015 మార్చి 12న హాత్‌వే, గూగుల్ దగ్గర విన్న మూడొందలకు పైగా ప్రిఫిక్సుల్ని పైనున్న భారతీ ఎయిర్‌టెల్‌కి చెప్పింది. ఎయిర్‌టెల్ నమ్మి లోకానికి చెప్పింది. అదే ఏడాది నవంబరు 6న ఎయిర్‌టెలే తనవి కాని 16 వేలకు పైగా ప్రిఫిక్సుల్ని తనవేనని చాటింది. 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా ఏఎస్ 55410 నుంచి 30 వేలకు పైగా ప్రిఫిక్సులు తనవేనని బయటికి పంపింది. చూశావా, ఎంత పెద్ద ఇంజినీర్లున్న ఇళ్ళలో కూడా ఈ సంప్రదాయం నిలబడిందో. వీటిలో ప్రతిదానికీ కిందివాడు చెప్పాడు, పైవాడు నమ్మాడు, ఇద్దరూ కావాలి. నీ భాగం నువ్వు చెయ్యి, పైవాణ్ణి వాడి భాగం చెయ్యనియ్యి.

టోపీ, డాలరు, చుక్క, నక్షత్రం

ఇంత చెప్పినా నీలో చదువుకున్న మనిషి నిద్రలేచి, "బయటికి పోయే ఫిల్టరు ఎట్టా ఉంటుందో చూద్దాం" అంటాడేమోనని నా భయం. అది చూడటానికే పిసినారిగా ఉంటుంది. ఏఎస్ పాత్ మీద ఒక టోపీ గుర్తు, పక్కనే ఒక డాలరు గుర్తు. అంతే. టోపీ అంటే మొదలు, డాలరు అంటే ఆఖరు. మధ్యలో ఏమీ లేదు గనక, దారిలో ఇంకెవరి నంబరూ లేని రూట్లు, అంటే నా దగ్గర పుట్టినవి మాత్రమే బయటికి చెప్పు అని అర్థం. దానికి తోడు నీ 512 అడ్రసులతో ఒకే ఒక లైను ప్రిఫిక్స్ లిస్టు. ఈ రెండూ పెట్టావంటే రెండు అప్‌స్ట్రీములున్నా నువ్వు ఎవరికీ దారివి కావు. లింకు ఒకటి తెగినా రెండోదాని మీద నీ ఊరు నడుస్తుంది, ప్రపంచానికి నీ పేరు కూడా తెలియదు. ఎంత చిన్నతనం!

ఆ టోపీ, డాలరు చెరిపేసి చుక్క పెట్టు, పక్కన నక్షత్రం పెట్టు. అవీ రెండే గుర్తులు. ఏదైనా సరే, ఎంతైనా సరే అని అర్థం. టైపింగు శ్రమ సమానం, ఫలితంలోనే తేడా.

బ్లాక్ ఆర్డరు వచ్చిన రోజు

లైసెన్సు ఉన్నవాడికి ఫలానా సైటు ఆపమని టెలికాం శాఖ నుంచి మెయిళ్ళు వస్తుంటాయి. వచ్చినప్పుడు డీఎన్‌ఎస్‌లో ఆపాలా, ఇంకెట్టా ఆపాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకు. ఆ సైటు అడ్రసు కనుక్కో. ఆ ఒక్క అడ్రసుతో సరిపెట్టుకోకుండా దాని చుట్టూ ఉన్న 256 అడ్రసుల /24 మొత్తానికి ఒక స్టాటిక్ రూటు రాసి, నల్ ఇంటర్‌ఫేస్‌లోకి తోసెయ్. అందులోకి పోయిన ప్యాకెట్టు తిరిగిరాదు. ఇక నీ బీజీపీలో 'రీడిస్ట్రిబ్యూట్ స్టాటిక్' అన్న లైను ఉండనే ఉంటుంది, ఏ రూట్ మ్యాపూ లేకుండా, ఎవరో వీడియో చూసి పెట్టినది. నువ్వు ఎంటర్ కొట్టగానే ఆ నల్ రూటు బీజీపీలోకి ఎక్కి, ఆ /24 నీదేనని అప్‌స్ట్రీముకి చెప్పేస్తుంది.

ఇది నా బుర్రలో పుట్టింది కాదు, దీనికి చరిత్రుంది. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌ని దేశంలో ఆపమని పాకిస్తాన్ ప్రభుత్వం చెప్పింది. పాకిస్తాన్ టెలికాం వాళ్ళు 208.65.153.0/24కి ఒక రూటు రాసుకున్నారు. అది దేశం దాటకూడనిది. హాంకాంగ్‌లోని అప్‌స్ట్రీము పీసీసీడబ్ల్యూకి చేరింది, ఫిల్టరు లేదు గనక అక్కణ్ణుంచి ప్రపంచమంతా చేరింది. యూట్యూబ్ అప్పటికి చాటుతున్నది 208.65.152.0/22. రూటర్ల ధర్మం ఏందంటే, ఒకే అడ్రసుకి రెండు దారులు కనిపిస్తే ఇరుకైనదే గెలుస్తుంది. అది ఎవడు చెప్పాడు, ఎంత దూరం, ఎవడి పరువెంత, ఇవేవీ చూడదు. వెయ్యి ఇరవైనాలుగు అడ్రసుల మాట మీద 256 అడ్రసుల మాట నెగ్గింది. దాదాపు రెండు గంటలపాటు ప్రపంచంలో పెద్ద భాగం యూట్యూబ్ కోసం పాకిస్తాన్ వెళ్ళి అక్కడి నల్‌లో పడింది. యూట్యూబ్ వాళ్ళు కూడా అదే /24 చాటారు, అదీ చాలక రెండు /25లు చాటారు. చివరికి పీసీసీడబ్ల్యూ ఆ రూట్లు ఆపితే గానీ తెరపి రాలేదు.

పిచ్చివాళ్ళు ఏం చేస్తారంటే, బీజీపీలో రీడిస్ట్రిబ్యూట్ అన్న మాటే వాడరు. తమ బ్లాకుని నెట్‌వర్క్ స్టేట్‌మెంటుతో చేత్తో రాసుకుంటారు, బ్లాక్ కోసం రాసిన స్టాటిక్‌కి ట్యాగు వేస్తారు, ఆ ట్యాగున్నదేదీ గడప దాటకుండా చూస్తారు. నో-ఎక్స్‌పోర్ట్ అని ఒక కమ్యూనిటీ గుర్తు కూడా ఉంది, 65535:65281, దాన్ని తగిలిస్తే తీసుకున్నవాడు ఇంకొకడికి చెప్పడు. అన్ని అంకెలు ఎవడు గుర్తుపెట్టుకుంటాడు?

లోపలి సంగతులు

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించినప్పుడు గుర్తుందా? నెలకి 149 రూపాయలకి నెట్టు, టీవీ, ఫోను అన్నారు. దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబరు కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఇంటి గుమ్మం దాకా తెచ్చే పని కేబుల్ ఆపరేటర్లకి అప్పగించారు. అప్పటిదాకా స్ప్లిట్టరు, యాంప్లిఫయరు తప్ప తెలియని మనవాళ్ళు ఓఎల్‌టీ, ఓఎన్‌యూ, డీబీఎం అనటం అప్పుడే నేర్చారు. ఇప్పుడు ప్రతి ఆపరేటరు దగ్గరా ఒక మైక్రోటిక్ రూటర్ డబ్బా ఉంది. రెంటపాళ్ళలో ఒకరు, ఫణిదంలో ఒకరు, లక్కరాజుగార్లపాడులో ఒకరు నీ కింద చేరతారు. వాళ్ళతో లోపలి రూట్లు పంచుకునే ఓఎస్‌పీఎఫ్ కలుపు. స్టాటిక్ రూటు రాసుకుంటే సరిపోయేదానికి ఓఎస్‌పీఎఫ్ ఎందుకని అడక్కు, ఓఎస్‌పీఎఫ్ అంటే వినటానికి బాగుంటుంది. కలిపేటప్పుడు వాళ్ళనీ నిన్నూ ఒకే ఏరియా సున్నాలో పెట్టు, పాస్‌వర్డు వద్దు. అందరం ఒకటే కుటుంబం.

కుటుంబంలో ఎవరేం చెబితే అది అందరికీ చేరిపోతుంది. ఓఎస్‌పీఎఫ్‌లో ఒకే ఏరియాలో ఉన్నవాళ్ళ మధ్య వడపోత పెట్టటం ఇంచుమించు కుదరని పని, ప్రతి రూటరు దగ్గరా ఒకే పటం ఉండాలి. ఫణిదం కుర్రాడు బ్యాకప్‌కి ఇంకో కంపెనీ ఇంటి కనెక్షను తెచ్చుకుని, డిఫాల్ట్ రూటు చాటే చోట 'ఆల్వేస్' అని ఎంచుకున్నాడనుకో. బయటికి పోయే దారి తన దగ్గరుందని మీ అందరికీ చెబుతాడు. ఏ మెట్రిక్ తక్కువో చూసుకుని, సత్తెనపల్లిలో సగం ఊరు వాడి ఇంటి వంద మెగాబిట్ల ప్లాను మీదుగా బయటికి పోతుంది. ఐపీఎల్ మ్యాచి చివరి ఓవరైతే ఇంకా బాగుంటుంది.

ఇంకొకటి, ఇది మన జిల్లాలో ఇష్టంగా చేసే పని. కస్టమరు 8.8.8.8కి పింగు కొట్టి స్పీడు చూస్తాడు కదా. నీ రూటర్ మీదే లూప్‌బ్యాక్‌కి 8.8.8.8 అని అడ్రసు పెట్టెయ్. గూగుల్ డీఎన్‌ఎస్ పింగు ఒక్క మిల్లీసెకను వస్తుంది, నీ ఆఫీసుకి సన్మానాలొస్తాయి. 'రీడిస్ట్రిబ్యూట్ కనెక్టెడ్' ఉంటే కింది ఊళ్ళన్నిటికీ చేరుతుంది. ఆ రూటర్ మీద డీఎన్‌ఎస్ ఆగిపోయిన రోజు మాత్రం పింగు ఒక మిల్లీసెకనే వస్తుంది, ఒక్క సైటూ తెరుచుకోదు. "పింగు వస్తోంది కదండీ, మీ ల్యాప్‌టాప్‌లో ప్రాబ్లం" అను.

ఈ భాగంలో కిరీటం లాంటి చిట్కా చివరికి దాచాను. రెండు అప్‌స్ట్రీముల దగ్గరా ఫుల్ టేబుల్, అంటే ప్రపంచం రూట్లన్నీ, తీసుకో. ఐపీవీ4లో పది లక్షల రూట్ల దరిదాపుల్లో ఉంది ఇప్పుడు. నీకు కావాల్సింది డిఫాల్ట్ రూటు ఒక్కటే, పోనీ దానికి తోడు ఆ కంపెనీల సొంత రూట్లు. కానీ ఫుల్ టేబుల్ అనే మాటకున్న దర్జా డిఫాల్ట్ అనే మాటకి రాదు. తీసుకున్నాక దాన్ని ఓఎస్‌పీఎఫ్‌లోకి రీడిస్ట్రిబ్యూట్ చెయ్యి. ఓఎస్‌పీఎఫ్ వందలకీ వేలకీ పుట్టింది, లక్షలకి కాదు. స్తంభానికి వేలాడే ఇనప డబ్బాలో ఎండకి మాడుతున్న లక్కరాజుగార్లపాడు మైక్రోటిక్‌కి ఇక్కణ్ణుంచి పది లక్షల రూట్లు చేరటం మొదలవుతుంది. చేరటం పూర్తవుతుందని నేను చెప్పలేదు.

పెద్ద పెట్టెలు కూడా ఈ బరువుకి కూలినవే. 2014 ఆగస్టు 12న ప్రపంచ రూటింగ్ టేబుల్ 512 కే, అంటే 5,24,288 రూట్ల గీత దాటితే, అంతవరకే చోటున్న పాత సిస్కో పెట్టెలు ఎన్నో దేశాల్లో తడబడ్డాయి. సెకండ్‌హ్యాండులో చవగ్గా వచ్చిందని నువ్వు కొన్నది ఆ కాలం సరుకేనేమో చూసుకో. చూసుకుని, పర్లేదు అనుకో.

లిమిట్లు, సర్టిఫికెట్లు

మ్యాక్సిమం ప్రిఫిక్స్ అని ఒక లైనుంటుంది. నైబరు ఇన్నింటికి మించి రూట్లు చెబితే సెషన్ తెంపెయ్ అని. ఎక్కువ లిమిటు పెట్టమని అప్‌స్ట్రీము ఇంజినీరుని బతిమాలు. ఒకటో రెండో రూట్లు చాటే నీకు పదికి మించి ఎందుకంటాడు. "రేపు పెరుగుతామండీ" అను, మిర్చి సీజనైతే ఓ బస్తా పంపు. ఆ ఒక్క లైను తీసేయించగలిగితే ఇప్పటిదాకా చెప్పిన చిట్కాలన్నీ పండుతాయి. ఉంచాడంటే, నువ్వు లీకు మొదలెట్టిన పదకొండో రూటుకే సెషన్ తెగి, కథ అక్కడే ముగుస్తుంది.

ఆర్‌ఓఏ అని, నీకు నంబర్లిచ్చిన ఐఆర్‌ఐఎన్‌ఎన్ పోర్టల్లో పెట్టుకునేది ఒకటుంది. నా 512 అడ్రసుల్ని చాటే హక్కు నా ఏఎస్ నంబరుకి మాత్రమే ఉందని సంతకం చేసిన కాయితం లాంటిది. అది ఉంటే రేపు ఎవడైనా నీ అడ్రసులు తనవని చాటినప్పుడు, సరిచూసే నెట్‌వర్కులు పక్కన పడేస్తాయి. రాయటానికి పది నిమిషాలు పట్టదు. అందుకే రేపు రాద్దువు.

మార్పులు చేసే వేళ

సాయంత్రం ఏడు నుంచి పది మధ్య చెయ్యి. కస్టమర్లంతా ఇళ్ళలో ఉంటారు, తేడా వస్తే వెంటనే చెబుతారు, వేరే మానిటరింగు అక్కర్లేదు. ఫిల్టరులో ఒక్క లైను మారిస్తే రూట్ రిఫ్రెష్ అడిగితే చాలంటారు, నువ్వు మాత్రం క్లియర్ బీజీపీ, పక్కన నక్షత్రం కొట్టు, సెషన్లన్నీ ఒకేసారి తెగి మళ్ళీ కట్టుకోవాలి. పాత ప్రిఫిక్స్ లిస్టు ముందు చెరిపి, కొత్తది తరువాత నిదానంగా టైపు చెయ్యి. ఆ మధ్యలో ఏమీ ఉండదు, ఏమీ లేకపోతే అన్నీ అని ఇందాకే చెప్పుకున్నాం.

మైక్రోటిక్ విన్‌బాక్స్‌లో సేఫ్ మోడ్ అని ఒక బటనుంటుంది, కనెక్షను తెగితే చేసిన మార్పులు వెనక్కి పోతాయి. జూనిపర్‌లో కమిట్ కన్ఫర్మ్‌డ్ అని ఉంటుంది, పది నిమిషాల్లో నువ్వు ఖాయం చెయ్యకపోతే పాత కాన్ఫిగ్ తిరిగొస్తుంది. సిస్కోలో రీలోడ్ ఇన్ 10 అని పెట్టుకుని మొదలెడతారు. ఇవన్నీ పిరికివాళ్ళ కోసం. మాచర్లలో ఉన్న రూటర్ మీద ఇంట్లో కూచుని ఫిల్టరు మార్చి, నీ దారి నువ్వే తెంపుకున్నావనుకో, బండి మీద పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా చల్లగాలికి ఒక ప్రయాణం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ వాళ్ళ బ్యాక్‌బోన్ ఒక్క కమాండుతో తెగి, వాళ్ళ డీఎన్‌ఎస్ రూట్లు వెనక్కి పోతే, దాదాపు ఆరు గంటలు ప్రపంచం ఫేస్‌బుక్, వాట్సాప్ లేకుండా గడిపింది. యంత్రాల దగ్గరికి మనుషులే వెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళకి తప్పనిది మనకి తప్పుతుందా?

లీకు బయటపడితే వెంటనే కరెంటు పీకెయ్, అంతటితో పోతుంది అనే నమ్మకం కూడా పెట్టుకో. 1997 ఏప్రిల్ 25న వర్జీనియాలో ఎంఏఐ అనే చిన్న ప్రొవైడరు, ఏఎస్ 7007, ప్రపంచం టేబుల్లో పెద్ద భాగాన్ని /24 ముక్కలు చేసి తనదేనని చాటితే, వాళ్ళు రూటరుని లింకు నుంచి పీకి పక్కన పెట్టాక కూడా ఆ రూట్లు పైవాళ్ళ పెట్టెల్లో కాసేపు తిరుగుతూనే ఉన్నాయి.

ఇక ఎవరో ఒకరు నీకు రాస్తారు. రాత్రి రెండింటికి జర్మనీ నుంచో జపాన్ నుంచో ఒక నెట్‌వర్క్ వాడు హూఈజ్‌లో నీ ఏఎస్ నంబరు చూసి, అందులో ఉన్న మెయిలుకి "అయ్యా, మా ప్రిఫిక్సులు మీ మీదుగా పోతున్నాయి, దయచేసి ఆపండి" అని మర్యాదగా రాస్తాడు. అందుకని ఆ కాంటాక్టు మెయిలు దగ్గర జాగ్రత్త. కంపెనీది పెట్టకు. లైసెన్సు అప్లికేషను రోజుల్లో నీ దగ్గర ఆరు నెలలు పనిచేసి, ఇప్పుడు బెంగళూరులో ఫుడ్ డెలివరీ యాప్ కంపెనీలో చేరిన కుర్రాడి జీమెయిలు ఉంది చూడు, అదే ఉండనీ. దాని పాస్‌వర్డు వాడికే గుర్తులేదట.